దిగువపేట మొదటి ఎత్తు

మనిషి స్వభావం అతడు చదరంగంలో వేసే మొదటి ఎత్తులోనే బయటపడుతుందని త్రాక్ ఊళ్లో అందరూ నమ్ముతారు. ఫిరంగిని నడిమి గీత మీదికి జరిపి ఆట మొదలుపెట్టేవాడు ధైర్యవంతుడు. గుర్రాన్ని దూకించేవాడు నెమ్మదస్తుడు, పిల్లనివ్వదగినవాడు. బంటును ఒక్క అడుగు నడిపి ఊరుకునేవాడితో ఉమ్మడి వ్యాపారం పెట్టుకోకూడదు. ఇక ఏనుగును లేపి తన సేనాని ముందు అడ్డంగా నిలబెట్టుకునేవాడు పిరికివాడు. వాడి ఇంట్లో వాడి మాట కోడి కూడా వినదు. కరకట్ట మీది టీ కొట్టులో ఈ తీర్పులు ఏళ్ల తరబడి చలామణీ అవుతున్నాయి. వాటిని ఎవరూ పరీక్షించి చూడలేదు. ఆ అవసరం ఎవరికీ కనబడకపోవడమే ఇటువంటి నమ్మకాల బలం.

ఆ ఊరి దిగువపేటలో బియ్యపు సేమ్యా ఒత్తి అమ్ముకునే మియెన్ కూడా ఆ నమ్మకాన్ని ప్రశ్నించాలని ఏనాడూ అనుకోలేదు. ఆమెకు ప్రశ్నల కంటే భయాలు ఎక్కువ. పొయ్యి ఆర్పి వీధిలోకి వచ్చాక, ఆర్పానా లేదా అని వెనక్కి వెళ్లి చూసేది. కావడి భుజాన వేసుకుని సంతకు సగం దూరం నడిచాక, పిండి కుండ మీద మూత పెట్టానో లేదోనని ఆగిపోయేది. ఏటికి అవతలి ఊరి నుంచి కోడలిగా వచ్చి పదిహేడేళ్లు దాటినా, పేటలో ఎవరైనా ఇద్దరు గుసగుసలాడుకుంటే తన గురించేనేమోనని సేమ్యా తూకం మరోసారి సరిచూసుకునేది. భర్త ఇటుకల పడవ మీద పనివాడు. నెలలో ఎక్కువ రోజులు నీటి మీదనే. ఇంట్లో ఆమె, కూతురు క్వెన్, భర్తకు చిన్నాన్న అయిన లామ్. ఆమె భర్తకు తండ్రి లేకపోవడంతో అతణ్ణి పెంచి పెద్దచేసినవాడు లామ్. ఆయనకు పిల్లలు లేరు. భార్య పోయి చాలా కాలమైంది.

లామ్‌కు జీవితంలో ఒక్కటే కోరిక మిగిలి ఉండేది. అది ఊరందరికీ తెలుసు.

కొత్త ఏడాది మొదటి నెలలో, దేవర జాతర నాడు, మండపం ముందున్న ఇటుకల ముంగిలి అంతా సున్నంతో గీతలు గీసి మనుషులతో చదరంగం ఆడతారు. ఎగువపేట వైపు ఎర్రచొక్కాల కుర్రాళ్లు, దిగువపేట వైపు పసుపుపచ్చ బట్టల ఆడపిల్లలు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కర్ర. కర్ర కొసన సేనాని అనో, రథమనో, బంటు అనో గుర్తు. ఆట నడిపేవారు ఇద్దరూ చిన్న జెండాలు పట్టుకుని ఆ మనుషుల మధ్యనే తిరుగుతారు. జెండా ఎవరి కర్రకు తగిలితే వారు కదలాలి. లామ్ పడుచువాడిగా ఉన్నప్పుడు, రెండు పేటలకూ కుర్రాళ్లే నిలబడే రోజుల్లో, ఒకసారి ఆ ముంగిట్లో బంటుగా నిలబడ్డాడు. రెండు పక్షాల మధ్య ఏరు అని వదిలే ఖాళీని దాటిన వెంటనే అతణ్ణి ఎదుటి గుర్రం కొట్టేసింది. మిగిలిన ఆటంతా గట్టున నిలబడి, జెండా పట్టుకున్న పెద్దమనిషి నడకనే చూశాడు. ఒక్కసారైనా ఆ జెండా పట్టుకోవాలన్న కోరిక అతడిలో ఆనాడే పుట్టింది. ఆ తరువాత యుద్ధాలు వచ్చాయి, జాతర ఆగిపోయింది. యుద్ధాలు ఆగాక కూడా దేవర ముందు గుప్పెడు బంకబియ్యం పెట్టే స్తోమత ఊరికి లేకపోయింది. జాతర మళ్లీ మొదలై కొద్ది ఏళ్లే అవుతోంది. పేటలో ఏ ఇంటివారు జెండా పట్టాలో చీటీ తీసి నిర్ణయిస్తారు. ఈ ఏడు చీటీ లామ్ ఇంటికి వచ్చింది. మండపంలో ధూపం వేసి, దేవరకు ఆ ఇంటి పేరు విన్నవించారు. ఆనాడు లామ్ తిన్నగా ఇంటికి రాలేక కరకట్ట మీద చాలాసేపు అటూ ఇటూ తిరిగాడట.

జాతర దగ్గరపడుతుండగా, పొరుగూరిలో ఉన్న ఆయన అత్తగారు తొంభై దాటిన వయసులో కన్నుమూసింది. భార్య ఏనాడో పోయినా అల్లుడికి మైల తప్పదు. మైలలో ఉన్నవాడు దేవర ముంగిలి తొక్కకూడదు. ఒకసారి దేవరకు విన్నవించిన ఇంటి పేరును మార్చనూ కూడదు. ఆ ఇంట్లోనే మైల లేనివారెవరో జెండా పట్టాలి. ఇంటి కొడుకుకు, అంటే మియెన్ భర్తకు, ఆట రాదు, పైగా నీటి మీద ఉన్నాడు. క్వెన్‌ను అప్పటికే రథంగా నిలబెట్టడానికి ఎంచుకున్నారు. మిగిలింది మియెన్. ఆమెకు ఆ మైల అంటదు. ఆట కూడా, రాదని చెప్పడానికి వీల్లేదు: పోయిన వర్షాకాలం నుంచి లామ్ ఆమెకు నేర్పుతున్నాడు. పిండి నీరు కారేదాకా ఖాళీగా కూర్చోవడం ఎందుకని మొదలైన చదువు అది.

“మామయ్యా, నేనా?” అంది మియెన్. చేతిలో ఉన్న జల్లెడ అక్కడే పెట్టేసింది. “నాకు ఫిరంగి ఎటు దూకుతుందో ఇప్పటికీ అనుమానమే కదండీ!”

“అనుమానం ఉంటే మంచిదేలే. అది లేనోళ్లే తొందరగా ఓడిపోతారు.”

“అంతమందిలో, ముంగిట్లో... ఆడది జెండా పట్టిందంటే నవ్వరూ?”

“నవ్వుతారు. నవ్వితే ఏమవుద్ది? నువ్వు గెలవక్కర్లేదు కోడలా. అగరొత్తి ఆఖరిదాకా కాలాలి. అంతే.”

అంతే అన్న ఆ మాటలోనే అసలు బరువంతా ఉంది. ఆట మొదలయ్యేటప్పుడు దేవర ముందు పొడవాటి అగరువత్తి ఒకటి వెలిగిస్తారు. అది పూర్తిగా కాలకముందే ఏ పేట సేనాని చిక్కిపోతే, ఆ పేట దేవరకు సరైన ఆట చూపించలేదని అర్థం. మూడు జాతరల దాకా ఆ పేటవారు జెండా ముట్టకూడదు. వత్తి కాలాక ఓడితే తప్పులేదు. మైల వల్ల తప్పిపోయిన ఇంటికి మరుసటి ఏడు మళ్లీ అవకాశం ఇస్తారు.

“ఒకవేళ ముందే ఓడిపోతే?” అని అడిగింది మియెన్, జవాబు తెలిసి కూడా.

“నాకు డెబ్బై తొమ్మిది” అన్నాడు లామ్. చల్లారిన టీని గిన్నెలోంచి పారబోసి, మళ్లీ పోసుకున్నాడు.

ఆ క్షణం నుంచి జాతర దాకా మియెన్‌కు అన్నం సహించలేదు. నిద్రలో ఆమెకు చదరంగపు బల్ల కనబడేది. బల్ల మీద గుర్రాలన్నీ ఒకే గడిలో నిలబడి ఉండేవి.

లామ్ ఆమెకు నేర్పింది కొంచెమే. గొప్ప నేర్పు అనదగినది ఆయన దగ్గర లేదు. ఒకే దారి నేర్పాడు, దాన్నే నెలల తరబడి నడిపించాడు. మొదటి రోజున మియెన్ తన ఫిరంగిని సొంతంగా, ఎంతో ఉత్సాహంగా, ఎదుటి గట్టు దాకా దూకించి ఆయన గుర్రాన్ని కొట్టింది.

“మీ గుర్రం పోయింది మామయ్యా!”

“పోయింది. ఇప్పుడు నీ ఫిరంగి పోతోంది చూడు” అని లామ్ మూలనున్న రథంతో దాన్ని తీసేశాడు. “ఫిరంగి దూకడానికి మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి కదా. మొదట్లో బల్ల నిండా జనమే, దానికి మెట్లే మెట్లు. ఆఖర్న ఎవరూ ఉండరు, అప్పుడు గుర్రం మేలు. ఇప్పుడే ఫిరంగినిచ్చి గుర్రాన్ని తెచ్చుకున్నావంటే, పొయ్యి అమ్మి బాణలి కొనుక్కున్నట్టు.”

కొత్తవాళ్లకు ఆయన చెప్పేది నాలుగు ముక్కల్లో ముగిసేది. ముందు ఏనుగును సేనాని ఎదుటికి లేపు. అది ఏరు దాటలేదు కాబట్టి ఇల్లు విడిచిపోదు. తరువాత గుర్రాన్ని నడిమి బంటుకు కాపుగా తీసుకురా. గుర్రం లేచిన చోటికి మూలనున్న రథాన్ని జరుపు. ఒకే కాయను రెండుసార్లు కదిపే ముందు, ఇంకా కదలనిది ఎవరని చూసుకో.

“మామయ్యా, అందరూ ఫిరంగి నడిమికి పెట్టమంటారు కదా. ఏనుగు లేపితే పిరికోళ్లంటారు” అని ఒకనాడు ఆమె అడిగింది.

“అనేవాళ్లకి నోరు నొప్పి పుట్టదు. ఎదుటోణ్ణి భయపెట్టాలని మొదలుపెడితే, వాడు భయపడకపోతే ఏం చెయ్యాలో తోచదు. నువ్వు నీవాళ్లకి దారివ్వు. రథం ఎంత బలమున్నదైనా, మూలన ఇరుక్కుని ఉందంటే అది గోడే.”

ఇది గొప్ప తత్త్వమని అనలేం. అయినా దీనిలో పరిశీలించదగిన సంగతి ఒకటి ఉంది. కొత్తగా ఆడేవాడికి భయం రెండు రకాలుగా పుడుతుంది. ఒకడు భయపడి, ఉన్న ఒక్క ఫిరంగినే పట్టుకుని ఎదుటి ఇంట్లోకి పరుగెడతాడు. ఇంకొకడు భయపడి, ఎవరినీ గడప దాటనివ్వడు. చూసేవారు మొదటివాణ్ణి వీరుడని, రెండోవాణ్ణి పిరికివాడని అంటారు. ఇద్దరి ఇళ్లలోనూ రథాలు మూలనే ఉండిపోతాయి.

జాతర నాటి ఉదయం సన్నని తుంపర పడుతోంది. గొడుగు విప్పేంత వాన కాదు, విప్పకుండా ఉండగలిగినంత పొడీ కాదు. ఆడపిల్లల జుట్ల మీద నీటి రవ్వలు మెరుస్తున్నాయి. ఇటుకల మీద సున్నపు గీతలు కొంచెం కొంచెంగా కరుగుతున్నాయి. ధూపపు కుండ దగ్గర ఒక ముసలాయన అగరువత్తికి గొడుగు పట్టి కూర్చున్నాడు. మియెన్ దృష్టి మొదట పడింది దాని మీదనే. ఈ తేమలో వత్తి నెమ్మదిగా కాలుతుంది. ఎండ కాసిన ఏడాది కంటే చాలా నెమ్మదిగా.

లామ్ ముంగిలికి రాలేదు. మండపానికి ఆవల, కరకట్ట మీది టీ కొట్టులో కూర్చున్నాడు. అక్కడికి ఆట కనబడదు. డప్పు మాత్రం వినబడుతుంది.

ఆ డప్పు గురించి చెప్పాలి. ఎవరైనా ఎత్తు వేయకుండా మరీ ఆలోచిస్తూ నిలబడితే, డప్పువాడు వెళ్లి వారి చెవి దగ్గర చిన్న డప్పు వాయిస్తాడు. ఎంతసేపు వాయించాలన్న నియమం లేదు. ఆడేవారు సిగ్గుపడి కదిలేదాకా వాయించడమే ఆచారం. త్రాక్ పెద్దలు ఈ ఆటకు ఎన్నో గట్టి నియమాలు పెట్టారు కాని, సమయానికి మాత్రం సిగ్గు ఒక్కదాన్నే గోడగా కట్టారు. ఇంతవరకు ఆ గోడను ఎవరూ తోసి చూడలేదు.

ఎగువపేట జెండా చన్ అనే ఆయనది. ఒకప్పుడు సైన్యంలో నిజం ఫిరంగుల దగ్గర పనిచేసినవాడు. గొంతు పెద్దది, నడక పెద్దది.

“ఏం చెల్లెమ్మా, సేమ్యా కావడి ఎక్కడ పెట్టొచ్చావు?” అన్నాడు మియెన్‌ను చూసి.

“ఇంటి దగ్గరుంది అన్నగారూ. కావాలంటే ఆటయ్యాక రండి, కొలిచిస్తాను.”

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు, జెండా కర్ర చేతిలో తడిసి జారుతోంది.

చీటీ తీస్తే ముందు ఎత్తు దిగువపేటకు వచ్చింది. ఇలా కాకూడదనే ఆమె దారి పొడుగునా మొక్కుకుంది. ఎదుటివాడు ఏదో ఒకటి చేస్తే దానికి బదులు చెప్పుకోవచ్చు. ముందు తనే కదలాలంటే, చేసిన ప్రతిదానికీ తనే బాధ్యురాలు. వత్తి వెలిగించారు.

బల్ల ముందు కూర్చుంటే కాయలన్నీ ఒక్క చూపులో కనబడతాయి. ముంగిట్లో అలా కాదు. పిల్లల భుజాలు, తలలు, కర్రలు. ఫిరంగి పట్టుకున్న పిల్ల పొడగరి. ఆమె వెనక ఏముందో మియెన్‌కు కనబడలేదు. ఏనుగు ఎక్కడ ఉండాలో తెలుసు. కాని ఆ చోటికి కాళ్లు సాగలేదు. నడిచి వెళ్లి తప్పు పిల్లను తాకితే? తాకాక మార్చుకునే వీల్లేదు. కుడి మూలన క్వెన్ రథం కర్ర పట్టుకుని నిలబడి తల్లి వైపు చూడకుండా నేల చూస్తోంది. ముందు గుర్రం కదిలితే తప్ప ఆ పిల్ల పక్కకు కదలలేదు.

డప్పు మొదలైంది. చెవి పక్కనే. మియెన్ నిలబడే ఉంది. డప్పు మోగుతోంది, ఆమె నిలబడే ఉంది. జనంలోంచి ఎవరో “నిద్రపోయిందేమో చూడండ్రా!” అన్నారు. ఆమె చూపు ఎందుకో ధూపపు కుండ వైపు తిరిగింది. వత్తి కొసన బూడిద వేలి గోరంత పెరిగి ఉంది. తను ఏమీ చేయలేదు, వత్తి మాత్రం కాలింది. ఆ సంగతి ఆమెకు అప్పుడు అర్థమైంది. అర్థమైనందుకు కొత్త భయం పుట్టింది. ఆ భయమే కాళ్లను కదిలించింది. వెళ్లి, ఏనుగు కర్రకు జెండా తాకించింది.

“ఏనుగు! దిగువపేట ఏనుగు లేచిందిరోయ్!” అని ఎగువపేట గట్టు నుంచి కేకలు.

“లేవనివ్వండి! కూర్చునే ఉంటే మీరేమన్నా మోసుకెళ్తారా?” అని దిగువపేట గట్టు నుంచి తమలపాకులమ్మే తెవో అవ్వ అరిచింది. ఆమె నోటికి ఊళ్లో ఎదురులేదు.

చన్ ఫిరంగిని నడిమి గీత మీదికి తెచ్చాడు. తెచ్చి, “ఫిరంగి మూతిలోకి చూస్తున్నావు చెల్లెమ్మా” అన్నాడు. మియెన్ గుర్రాన్ని నడిమి బంటుకు కాపుగా రప్పించింది. అతడు తన గుర్రాన్ని తెచ్చాడు. ఆమె మూలకు నడిచి కూతురి కర్రను తాకింది. క్వెన్ పక్క గడిలోకి జరిగింది. అంతసేపు ఒకే చోట నిలబడి కొయ్యబారిన కాళ్లతో ఆ పిల్ల మొదటి అడుగు తడబడుతూ వేసింది. రెండో గుర్రం, ఆ తరువాత ఒక బంటు. ఒక్కో ఎత్తు మియెన్‌కు నోటికొచ్చిన పాఠంలా వస్తోంది. డప్పువాడు కదలవలసిన అవసరం రాలేదు. చన్ తన రెండో ఫిరంగితో ఒక అంచు బంటును కొట్టాడు, దాన్ని వెనక్కి తెచ్చాడు, మళ్లీ పక్కకు జరిపాడు. అతడు దగ్గరగా వచ్చినప్పుడు మియెన్ ఒకటి గమనించింది. అతడి జెండా అంచు సన్నగా వణుకుతోంది. గాలి లేదు.

అయితే పాఠం ఐదో ఎత్తుతో అయిపోయింది. ఆపైన లామ్ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. ఎవరికైనా నేర్చుకున్న ఆరంభం ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఆ తరువాత మనిషి ఒంటరి.

అప్పుడు చన్ తన రథాన్ని మూలనుంచి తీసి, ఏరు దాటించి, నేరుగా ఆమె గుర్రం పక్కకు తెచ్చి నిలబెట్టాడు. ఆ గుర్రమే నడిమి బంటుకు కాపు. గుర్రం పోతే బంటు పోతుంది, బంటు పోతే ఫిరంగి ఎదుట సేనాని. మియెన్ ఒకటికి రెండుసార్లు చుట్టూ తిరిగి చూసింది. గుర్రం వెనక్కి వెళ్లడానికి చోటు లేదు. కాపు పెట్టడానికి దగ్గరలో ఎవరూ లేరు. కనబడింది ఒక్క దారి: క్వెన్ రథాన్ని తీసుకొచ్చి అతడి రథానికి ఎదురు నిలపడం. అతడు కొడితే తన రెండో గుర్రం తిరిగి కొడుతుంది. రెండు రథాలూ పోతాయి. కొత్తవాళ్లకు అన్నిటికంటే కష్టమైన ఎత్తు అది. ఉన్నదానిలో పెద్దదాన్ని చేతులారా ఎదుటివాడి ముందు పెట్టాలి. ఒకవేళ తన లెక్క తప్పితే, అక్కడితో సరి.

డప్పువాడు లేచాడు. చెవి దగ్గర మోత మొదలైంది.

“నిదానంగా ఆలోచించవే మియెన్!” అని తెవో అవ్వ అరిచింది. “డప్పున్నది కొట్టడానికేగా! కొట్టుకోనీ! నీ కాళ్లు నీవి!”

అది ఎత్తు చెప్పడం కాదు కనుక పెద్దలు ఏమీ అనలేకపోయారు. కాని అందరికీ అర్థమైంది. దిగువపేట గట్టంతా ఒక్కసారి కదిలింది. అందరూ ధూపపు కుండ వైపు చూశారు. వత్తి ఇంకా బొటనవేలంత ఉంది.

నిలబడితే చాలు. ఏ నియమమూ అడ్డు రాదు. డప్పువాడి చేతులు నొప్పెడతాయి, ఎగువపేట తిడుతుంది, వత్తి కాలిపోతుంది. లామ్‌కు వచ్చే ఏడు జెండా ఖాయం. ఆయన అన్నది కూడా అదే కదా: వత్తి ఆఖరిదాకా కాలాలి, అంతే. డప్పు మోగుతుంటే కదలకుండా నిలబడిపోవద్దని ఆయన ఒక్క మాట అని ఉంటే ఆమెకు ఎంతో తేలికయ్యేది. అనలేదు.

మియెన్ నిలబడింది. మంత్రి కర్రలు పట్టుకున్న ఇద్దరు పిల్లలు ఆట మొదలైనప్పటి నుంచి అడుగు కదపలేదు. వారి చెప్పులు నీటిలో నానిపోయాయి. ఒక పిల్ల పళ్లు టకటకలాడటం డప్పు మధ్య నుంచి కూడా వినబడుతోంది. సేనాని కర్ర పట్టుకున్న పిల్ల ముక్కు తుడుచుకుంది. చన్ జెండాను భుజం మీద వేసుకుని ఆకాశం చూస్తున్నాడు. వత్తి చివర ఎరుపు, గొడుగు నీడలో, కదలనట్టే ఉంది.

ఆమె ఎందుకు కదిలిందో తరువాత రకరకాలుగా చెప్పింది. తెవో అవ్వతో చెవి నొప్పి పుట్టిందంది. భర్తతో, పిల్లలు వణుకుతుంటే చూడలేకపోయానంది. అందరూ తన వైపే చూస్తుంటే నిలబడలేకపోయానని క్వెన్‌తో అంది. ఇవన్నీ నిజాలే అయి ఉండవచ్చు. అది ధైర్యమని నేను అనను. ఒక ముసలివాడి ఆఖరి కోరికను తాకట్టు పెట్టి ఆమె ఆ అడుగు వేసింది. ఆ అడుగు వేసే హక్కు ఆమెకు ఎవరిచ్చారని అడగవచ్చు. డప్పు ఇంకా మోగుతూ ఉండగానే ఆమె నడిచి వెళ్లి కూతురి కర్రకు జెండా తాకించి, ఎర్రచొక్కా రథం ఎదుటి గడి చూపించింది.

చన్ చాలాసేపు చూశాడు. ఈసారి డప్పువాడు అతడి దగ్గరికి నడిచాడు. డప్పు మోగకముందే అతడు కొట్టాడు. క్వెన్ కర్ర దించి గట్టుకు వెళ్లింది. మియెన్ గుర్రం అతడి రథాన్ని కొట్టింది. ఎర్రచొక్కా కుర్రాడు కూడా గట్టుకు వెళ్లాడు. అక్కడ ఎవరో ఇద్దరికీ వేడినీళ్లు ఇచ్చారు.

లెక్క తప్పలేదు. అయినా గండం గడవలేదు. రథాలు పోయాక ముంగిలి పలచబడింది, ఆమెకు ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయి. కనబడుతున్నందువల్ల ఎన్ని చోట్ల నుంచి ప్రమాదం రావచ్చో కూడా కనబడుతోంది. చన్ గుర్రం దగ్గరైంది. ఫిరంగి నడిమి బంటును కొట్టి సేనానికి గురిపెట్టింది. మియెన్ మంత్రిని లేపింది. ఆ నానిన చెప్పుల పిల్ల దాదాపు పరుగెత్తుకొచ్చి నిలబడింది. మళ్లీ గురి. మళ్లీ అడ్డం. ఆమె ధూపపు కుండ వైపు చూడటం మానేసింది. చూస్తే వత్తి ఆగిపోతుందేమోనన్న పిచ్చి భయం పట్టుకుంది.

గొడుగు పట్టుకున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. గొడుగు ముడిచి పైకెత్తాడు. బూడిద రాలింది.

దిగువపేట గట్టు మీద కేకలు లేచాయి. తెవో అవ్వ తమలపాకుల బుట్ట నెత్తిన పెట్టుకుని గెంతుతోంది. మియెన్‌కు ఏమీ వినబడలేదు. జెండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

వత్తి కాలాక ఇద్దరూ ఒప్పుకుంటే జెండాలు చుట్టి ఆట సమంగా ముగించవచ్చు. గెలుపు దగ్గరలో ఉన్నవాడు సాధారణంగా ఒప్పుకోడు. చన్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, “చుట్టేద్దామా చెల్లెమ్మా? నీ ఏనుగు అక్కడే కూర్చుని నా ప్రాణం తీసింది. చలికి చస్తున్నాను” అన్నాడు.

“చుట్టేద్దామన్నగారూ” అంది మియెన్ వెంటనే.

దిగువపేటలో కొందరు నొచ్చుకున్నారు. ఇంకాస్త ఆడితే గెలిచేదేమోనన్నారు. గెలిచేది కాదు. చూడటం వచ్చినవారికి అది తెలుసు.

సాయంత్రం ముందే ఆమె కరకట్ట మీదికి వెళ్లింది. టీ కొట్టులో లామ్ ఒక్కడే కూర్చున్నాడు. ఎదుట గిన్నెలో టీ నిండుగా, తాకకుండా ఉంది. వత్తి కాలిన సంగతి కేకలను బట్టి ఆయనకు తెలిసిపోయింది.

“మొదటి డప్పు వినగానే అయిపోయిందనుకున్నా” అన్నాడు. “టీ ఒలకబోసుకుని మళ్లీ పోయించుకున్నా. తర్వాత చాలాసేపు వినబడలేదు. పాఠం నడుస్తోందిలే అనుకున్నా. మళ్లీ మోగింది. మోగి ఆగింది. ఏం చేశావప్పుడు?”

“రథాలు మార్చుకున్నా మామయ్యా.”

“వత్తి ఎంతుంది అప్పటికి?”

“బొటనవేలంత.”

లామ్ ఏరు వైపు చూశాడు. “నిలబడొచ్చుగా?” అన్నాడు.

ఆమె జుట్టు మీది నీటి తుంపర తుడుచుకుంది.

“నేనైతే నిలబడేవాణ్ణి” అన్నాడాయన. “చెవులు పగిలిపోయినా నిలబడేవాణ్ణి. నాకు అంత ఆశ ఉంది మరి.”

మియెన్ పక్కనే ఉన్న బల్ల మీద కూర్చుంది. “తప్పు చేశానా మామయ్యా?”

“నాకేం తెలుసు? అక్కడ నిలబడింది నువ్వు.” ఆయన తన ముందున్న గిన్నెను ఆమె వైపు జరిపాడు. “తాగు. చల్లారిపోయిందనుకో.”

మరుసటి జాతరలో జెండా లామ్ చేతికి వచ్చింది. కొత్తవాళ్లకు ఏళ్ల తరబడి ఏనుగునే నేర్పిన ఆయన, మొదటి ఎత్తుగా ఫిరంగిని నడిమి గీత మీదికి తెచ్చాడు. టీ కొట్టువారికి అది ఇప్పటికీ కొరుకుడు పడలేదు. కొందరు లామ్ మొదటినుంచీ ధైర్యవంతుడేనన్నారు. మిగిలినవారు ముసలితనంలో మతి చెడిందన్నారు. మొదటి ఎత్తును బట్టి మనిషిని తూచడం మాత్రం ఎవరూ మానలేదు.

మియెన్ సంగతి ఇంతే. ఆ ఉదయం ఆమె ఏనుగును లేపింది. డప్పు ఆగకముందే రథాన్ని ముందు పెట్టింది. వత్తి కాలాక జెండా చుట్టింది. టీ తాగి ఇంటికి వెళ్లి, పొయ్యి ఆరిందో లేదో ఒకసారి చూసుకుని, మరునాటికి బియ్యం నానబోసింది.